లింగమూర్తి పేరు మీద

మునిస్వామి క్యారియర్ మూత నొక్కి, కొక్కెం పడిందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. కింది గిన్నెలో సంగటి, మధ్యలో పప్పు, పై గిన్నె నిండా ఊరిబిండి, చెనిక్కాయల పచ్చడి. అంత ఊరిబిండి ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే ఈశ్వరమ్మ ఏం చెబుతుందో తెలుసు. అడక్కపోయినా ఆమె చెప్పనే చెప్పింది.

"లింగమూర్తికి సగం పెట్టు. ఈరోజుతో ఆఖరు కదా ఆయప్పకి. ఎవురు చేసిన పాపమో, వచ్చి ఆయప్ప నెత్తిన పడింది."

మునిస్వామి "ఊ" అని వంగి బూట్ల తాళ్ళు కట్టుకోసాగాడు. వాళ్ళ కాపురంలో ఆయన మాట్లాడినదాంట్లో సగం ఈ ఊకొట్టడమే. అందుకే ఇవాళ్టి ఊకీ రోజూ కొట్టే ఊకీ తేడా ఈశ్వరమ్మకు తెలియలేదు. తెలిస్తే బాగుండునని ఆయనకనిపించింది. నిలదీస్తే చెప్పేసేవాడేమో. నిలదీసేవాళ్ళు లేకపోవడం కూడా ఒక్కోసారి మనిషిని పాడుచేస్తుంది.

నలభై దాటి చాలా రోజులైన మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉంటాడు. ఆఫీసులో ఎవరూ కాగితం మీద రాయకపోయినా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటాడు. పక్కసీట్లలో ఉన్న పిల్లలు ఆయన్ని బాబాయ్ అంటారు. మంచివాడు బాబాయ్, నోట్లో నాలుక లేనివాడు అంటారు. ఆ మంచివాడనే పేరు ఏదో చేసి సంపాదించుకున్నది కాదు, ఎన్నడూ ఎవరికీ ఎదురు చెప్పకపోవడం వల్ల వచ్చింది. అది ఇంతగా పనికొస్తుందని ఆయనెప్పుడూ అనుకోలేదు. ఈ వారం పనికొచ్చింది.

మణికొండ సందులో కొత్త అపార్ట్‌మెంట్ల కోసం పోసిన ఇసుక కుప్పలు దాటి, నీళ్ళ ట్యాంకరు కింద మడుగు కట్టిన నీళ్ళను తప్పుకుని, దర్గా మలుపు దగ్గర నిలబడ్డాడు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బస్సులు లేవు. గోపన్‌పల్లిలో ఉండే లింగమూర్తికి ఆఫీసుకు సూటి దారి వేరే ఉంది. అయినా రోజూ ఇటు తిరిగొచ్చి ఈయన్ని బండి మీద ఎక్కించుకుపోతున్నాడు. ఉద్యోగం పోయిన ఆఖరి రోజున కూడా వస్తాడా అని మునిస్వామి అనుకున్నాడు. రాకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. వచ్చాడు.

"ఏందన్నా, జల్ది వచ్చి నిలబడ్డవ్?"

"ఈరోజు కూడా ఇంత దూరం తిరిగి రావాల్నా అప్పా? నేను ఆటోలో వచ్చేవాణ్ణి కదా."

"గీ సమ్మెల ఆటోవాడు నీ తోలు ఒలుస్తడు. ఎక్కు."

ఎక్కి కూర్చున్నాడు. బండి మీద వెనక కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంది, ముందున్నవాడి మొహం కనబడదు. లింగమూర్తి మెడ వెనక మంగలి గీసిన గీత, దాని కింద నల్లతాడు, ఇవే కనబడతాయి. చెప్పాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. 'లింగం, అది నేను చేసిందప్పా.' ఇంతే మాట. ఆఫీసున్న రాయదుర్గం వచ్చేదాకా ఒక్కో స్పీడు బ్రేకరు దగ్గర నోరు తెరిచాడు, బండి దిగగానే మూసుకున్నాడు. వారం నుంచీ ఇదే వరస.

జరిగింది చెప్పుకోవాలంటే ముందు ఆ సర్వర్ సంగతి చెప్పుకోవాలి. ఆఫీసులో పిల్లలంతా తలా ఒక ముక్క కోడు రాస్తారు. ఆ ముక్కలన్నీ ఎప్పటికప్పుడు తీసుకుని, కలిపి, పరీక్షించి, బాగుంటే పచ్చరంగు, చెడితే ఎర్రరంగు చూపించే యంత్రం ఒకటుంది. బిల్డ్ సర్వర్ అంటారు. అన్ని టీములకూ అదొక్కటే. ఊరందరి పంచాయతీ అదే తెంపుతుంది కాబట్టి లింగమూర్తి దాన్ని పటేలు అనేవాడు. పొద్దున్నే రాగానే "మన పటేలు ఏమంటుండు?" అని అడిగి గాని టీ తాగేవాడు కాదు. దాన్ని చూసుకునేది వీళ్ళిద్దరే.

పటేలుకు ఒక జబ్బు ఉండేది. ఎవడు పడితే వాడు వచ్చి, సెట్టింగుల్లో ఏదో ఒకటి నొక్కిపోయేవాడు. చెడిపోతే ఎవరిదీ తప్పు కాదు. తిలాపాపం తలా పిడికెడు. మేనేజరు తేజస్విని విసిగిపోయి, సెట్టింగులన్నీ ఫైళ్ళలో రాసి రికార్డులో పెట్టండి, ఏ మార్పు ఎవరు చేశారో పేరుతో సహా కనబడాలి అంది. ఇద్దరూ కూర్చుని చేశారు. ఒకరు రాసింది ఇంకొకరు చూశాకే పటేలుకు పంపాలని నియమం పెట్టుకున్నారు. ఆ పనికి వాడే కంప్యూటరు ఇద్దరి సీట్ల మధ్య ఉంది. మొదట దాన్ని సిద్ధం చేసింది లింగమూర్తి కాబట్టి అందులో అతని పేరు పెట్టాడు. దాని ముందు కూర్చుని ఎవరు మార్పు చేసినా రికార్డులో లింగమూర్తి అనే పడుతుంది.

"నీకు వేరే లాగిన్ చేసి నీ పేరు పెట్టుకో అన్నా, మర్చిపోకు" అని అతను చాలాసార్లు చెప్పాడు. మునిస్వామి ఊకొట్టాడు. రేపు చేద్దాంలే అనుకున్నాడు. మనదే కదా కంప్యూటరు, మనమిద్దరమే కదా అనుకున్నాడు.

వారం కిందట ఒకరోజు రోడ్ల మీద వంటావార్పు. లింగమూర్తి సెలవు పెట్టి వాళ్ళ అమ్మ సక్కుబాయిని తీసుకుని వెళ్ళాడు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి తెలంగాణ ఉద్యమంలో ఉన్నవాళ్ళంతా వండుకుని తిన్నారు. ఇక్కడ సర్వర్లో చోటు నిండిపోయింది. పాత బిల్డులు ఊడ్చెయ్యండి బాబాయ్, పని ఆగిపోయింది అని పిల్లలు తొందరపెట్టారు. మునిస్వామి మధ్య కంప్యూటరు ముందు కూర్చుని, ఊడ్చాల్సిన ఫోల్డరు పేరు రాసేచోట దాని పైఫోల్డరు పేరు రాశాడు. చూడ్డానికి రెండో మనిషి లేడు. మరునాటికి వాయిదా వెయ్యొచ్చు, వెయ్యలేదు. పంపించేశాడు. పాతవాటితో పాటు ఆ సాయంత్రం క్లయింటుకు వెళ్ళాల్సిన సరుకంతా ఊడ్చుకుపోయింది.

భరత్ అనే కుర్రాడు రికార్డు తెరిచి పేరు పైకి చదివాడు. "లింగమూర్తి."

మునిస్వామి నోరు తెరిచాడు. నిజంగానే తెరిచాడు. ఈలోగా వెనక నుంచి ఎవరో, "బాబాయ్ పాతవే ఊడ్చుంటాడు, ఇది ఆయన పేరు కాదుగా. వంటావార్పుకు పోయినోడు ఆ కోపంతో బయటి నుంచి లాగిన్ అయి చేసుంటాడు" అన్నారు. ఇంకెవరో నవ్వారు. అప్పటికే మాట వేరే దారిన పోయింది. తేలు కుట్టిన దొంగలా కుర్చీలోనే ఉండిపోయాడు. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాడు. సాయంత్రం, రేపు పొద్దున అనుకున్నాడు.

భయం ఊరికే రాలేదు. మాంద్యం వచ్చిన ఏడాది పాత కంపెనీ ఆయన్ని ఇంటికి పంపింది. ఈశ్వరమ్మకు చెప్పలేక రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరి శిల్పారామం దగ్గర గోడ నీడన కూర్చునేవాడు. మధ్యాహ్నం అక్కడే తినేవాడు, సాయంత్రం ఆఫీసు వదిలిన జనంతో కలిసి ఇంటికి వచ్చేవాడు. ఒకరోజు ఆ దారిన పోతున్న లింగమూర్తి చూసి బండి ఆపాడు. పాత కంపెనీలో ఇద్దరికీ పరిచయం. ఏమీ అడగలేదు, పక్కన కూర్చుని సంగటి ముద్ద ఒకటి తీసుకుని తిన్నాడు. తర్వాత తన కంపెనీలో చెప్పి ఈ ఉద్యోగం ఇప్పించాడు. అంటే ఈ కుర్చీ లింగమూర్తి వేసిన కుర్చీ. అందులో కూర్చునే మునిస్వామి నోరు మూసుకున్నాడు. రాత్రిళ్ళు గోడ వైపు తిరిగి పడుకుని ఆయన తనను తాను తిట్టుకున్న తిట్లు ఇంకెవరూ తిట్టి ఉండరు. తెల్లవారితే మాత్రం మళ్ళీ బూట్లు తొడుక్కుని బండి కోసం నిలబడేవాడు.

లింగమూర్తి నేను చెయ్యలేదన్నాడు. ఫోన్లో ఫోటో చూపించాడు. నడిరోడ్డు మీద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు, కళ్ళ నిండా నీళ్ళు, పక్కన సక్కుబాయి నవ్వుతోంది. ఆ ఫోటో వల్ల అతను ఆ పని చెయ్యలేదని ఎవరికీ అనిపించలేదు. అక్కడికి వెళ్ళాడన్నది మాత్రం అందరి మనసులోనూ పడింది. క్లయింటుకు ఒక పేరు చెప్పాలి. చెప్పడానికి ఒక పేరు సిద్ధంగా ఉంది. నీ అంతట నువ్వు రాజీనామా ఇస్తే గౌరవంగా ఉంటుందని పైవాళ్ళు అన్నారు.

ఈ ఆఖరి రోజు బండి దిగి ఇద్దరూ సీట్ల దగ్గరికి వచ్చారు. లింగమూర్తి బల్ల మీద గాడిద బొమ్మ ఉంది. అరచేతిలో పట్టే చెక్కబొమ్మ, ఒక చెవి రంగు పోయింది. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో అతనే కొనుక్కొచ్చి ఆఫీసులో ఒక ఆచారం పెట్టాడు. బిల్డ్ చెడగొట్టినవాడి బల్ల మీద గాడిద ఉంటుంది, ఇంకొకడు చెడగొట్టేదాకా అక్కడి నుంచి కదలదు. మేనేజరైనా సరే. తేజస్విని బల్ల మీద కూడా ఒకసారి రెండ్రోజులుంది. వంటావార్పు నాడు లింగమూర్తి లేకుండానే భరత్ దాన్ని తెచ్చి ఈ బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ చెడగొట్టలేదు. పిల్లలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నారు.

"పటేలు ఏమంటుండు అన్నా?"

"పచ్చగా ఉండాడు."

"మంచిగుండనీ."

పొద్దుటి నుంచి లింగమూర్తి తనకు తెలిసిందంతా ఒక్కొక్కటీ చూపిస్తూ పోయాడు. ఏ టీముకు ఏ సెట్టింగు, ఏది ముట్టుకుంటే ఏది కదులుతుంది. ఎక్కడా గొంతు పెంచలేదు. మునిస్వామి తల ఊపుతూ కూర్చున్నాడు. ఫోల్డర్లు ఊడ్చే వరస తెర మీదికి వచ్చినప్పుడు మాత్రం లింగమూర్తి వేలు ఒక్క క్షణం అక్కడ ఆగింది. "ఇది జర చూసుకోవాలె" అని కిందికి పోయాడు. మునిస్వామి తల ఊపడం ఆపాడు.

మధ్యాహ్నం క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చున్నారు. అద్దంలోంచి దూరంగా కొండరాళ్ళూ వాటిని పగలగొట్టి లేపుతున్న కొత్త భవనాలూ కనబడుతున్నాయి. లింగమూర్తి ఊరిబిండి వేలితో తీసుకుని నాకి చూశాడు.

"వదిన చేతిల ఏమున్నదోగాని, గిట్ల మా ఇంట్ల ఎవ్వరికీ కుదరది."

"నీకోసరమే ఎక్కువ చేసింది."

"నేనెందుకు పోతున్ననని అడగలేదా వదిన?"

"అడిగింది. చెప్పినాను, ఎవురో ఏదో చేస్తే..." అక్కడ ఆగిపోయాడు. నీళ్ళు తాగాడు. ఇక తప్పదనుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే మనిషి పుట్టుక కాదనుకున్నాడు. "లింగం" అన్నాడు.

లింగమూర్తి చెయ్యి కంచంలోనే ఆపి తలెత్తాడు. తొందరపెట్టలేదు. ఆ మొహంలో కోపం లేదు, ఎదురుచూపు ఉంది. చుట్టుపక్కల కుర్చీలు జరుపుతున్నారు, ఎవరో క్రికెట్ గురించి వాదించుకుంటున్నారు. మునిస్వామి ఆ కళ్ళలోకి చూడలేక క్యారియర్ గిన్నె వైపు చూశాడు.

"ఇంకా కొంచెం ఏసుకో" అన్నాడు.

లింగమూర్తి ఇంకొంచెంసేపు అలాగే చూసి, చిన్నగా తలూపాడు. "ఏసుకుంట తీ అన్నా." గిన్నె దగ్గరికి జరుపుకుని శుభ్రంగా తుడిచి తిన్నాడు.

సాయంత్రం దాకా ఉండక్కర్లేదు, వెళ్ళొచ్చని కబురొచ్చింది. మెడలోంచి కార్డు తీసి సెక్యూరిటీవాళ్ళకిచ్చాడు. బల్ల మీద ఉన్నవన్నీ ఒక సంచిలో పట్టాయి. టీ కప్పు, క్యాలెండరు, వాళ్ళ అమ్మ ఫోటో. గాడిదను చేతిలోకి తీసుకుని చెవి మీద బొటనవేలితో రుద్దాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"కొన్నది నువ్వే కదప్పా, ఎత్తుకుపో" అన్నాడు మునిస్వామి.

"కొన్నోనిది గాదన్నా ఇది. చెడగొట్టినోనిది." సంచి భుజాన వేసుకున్నాడు. "నిన్ను సాయంత్రం దింపుదమనుకున్న. వీళ్ళు జల్ది పంపుతున్నరు. ఎట్ల పోతవ్?"

"నడుస్తాలే."

"జర చూసి రోడ్డు దాటు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. మధ్యలో ఉన్న కంప్యూటరు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "గా మిషన్ల ఇంకా నా పేరే ఉన్నదన్నా. తీసి నీ పేరు పెట్టుకో. ఎన్నిసార్లు చెప్పిన?"

అంతే అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. వెళ్ళి లిఫ్టు ఎక్కాడు.

మునిస్వామి నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తెలుసు. లింగమూర్తికి మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఇద్దరే అయినప్పుడు, ఒకడు రోడ్డు మీద ఉల్లిగడ్డలు కోస్తున్నప్పుడు, తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసీ ఎవరికీ చెప్పలేదు. తెలిసీ వారమంతా అంత దూరం తిరిగొచ్చి బండి ఎక్కించుకున్నాడు. తన నోటితో తను చెబుతాడేమోనని ఒక్కొక్క స్పీడు బ్రేకరు దగ్గరా అతనూ ఎదురుచూసి ఉంటాడు.

కుర్చీ లాక్కుని మధ్య కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చెప్పిన పని చెయ్యడం పుట్టినప్పటి నుంచీ అలవాటు. లింగమూర్తి పేరు తీసేసి తన పేరు కొట్టాడు. అప్పుడు లేచి, ఎవరి వైపూ చూడకుండా తేజస్విని క్యాబిన్లోకి వెళ్ళాడు.

"ఆ పొద్దు ఫోల్డర్లు ఊడ్చింది నేనమ్మా. లింగమూర్తి కాదు."

తేజస్విని చేతిలో ఫోను కింద పెట్టి ఆయన్ని చూసింది. "కూర్చోండి మునిస్వామి గారూ."

"కూర్చోనమ్మా. నేనే చేసినాను. ఆ మిషన్లో ఎవురు చేసినా ఆయప్ప పేరే పడతాది. అందుకని అట్లా పడింది."

ఆమె లేచి ఆయన వెంట బయటికి వచ్చింది. మధ్య కంప్యూటరు దగ్గర వంగి తనే చూసింది. తెర మీద మునిస్వామి పేరు ఉంది.

"మీ పేరే ఉంది కదండీ ఇందులో."

"ఇప్పుడే మార్చినాను. మార్చమని ఆయప్పే చెప్పిపోయినాడు."

తేజస్విని తెర మీంచి ఆయన వైపు తిరిగింది. తర్వాత ఆమె మొహం మెత్తబడింది. "నాకు అర్థమైంది బాబాయ్ గారూ. ఫ్రెండు పోయాడని మీకు బాధగా ఉంది. అలాగని ఆయన తప్పు మీ మీద వేసుకుంటే ఎట్లా? మీరు అలాంటి పని చేసే మనిషి కాదని నాకు తెలీదా? అయినా అంతా అయిపోయింది, క్లయింటుకు కూడా రాసేశాం." భుజం మీద చెయ్యి వేసింది. "మీలాంటి మంచివాళ్ళు ఉండబట్టే..." అని మిగతాది అనకుండా వెళ్ళిపోయింది.

మునిస్వామి ఆమె వెనక పడి వెళ్ళొచ్చు. గట్టిగా అరిచి చెప్పొచ్చు. పైవాళ్ళకు రాయొచ్చు. ఏ తలుపూ ఎవరూ మూసెయ్యలేదు. కాని ఆమె చెయ్యి భుజం మీద పడగానే ఆయనకు వారం తర్వాత మొదటిసారి ఊపిరి నిండుగా ఆడింది. బతికాను అనుకున్నాడు. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చెయ్యను అని కూడా అనుకున్నాడు. ఆ తర్వాత సిగ్గూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది, కాని ముందు వచ్చింది మాత్రం ఆ ఊపిరి. అది తనకు తెలిసింది. ఇక ఎన్ని ఏళ్ళు బతికినా ఆ సంగతి తెలుస్తూనే ఉంటుంది.

పక్క బల్ల మీంచి గాడిదను తీసుకుని తన బల్ల మీద పెట్టుకున్నాడు. కీబోర్డు పక్కన, కళ్ళెదురుగా. కనీసం ఇదన్నా ఉండాల్సిన చోట ఉండాలనుకున్నాడు.

ఇంటికి బయల్దేరుతూ భరత్ చూశాడు. "ఏంటి బాబాయ్, గాడిద మీ దగ్గరికొచ్చింది?"

"నేనే చెడగొట్టినాను కాబట్టి."

భరత్ తెర వైపు చూసి నవ్వాడు. "అంతా పచ్చగా ఉంది. మీరు జోకులు కూడా వేస్తారా? రూలు రూలే బాబాయ్, ఇంకొకరు చెడగొట్టేదాకా ఇది కదలకూడదు." గాడిదను తీసి మళ్ళీ లింగమూర్తి బల్ల మీద పెట్టి, సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

మునిస్వామి ఖాళీ క్యారియర్ చేతిలో పట్టుకుని లేచాడు. తుడిచేసిన పక్క బల్ల మీద, రంగు పోయిన చెవి ఇటువైపు తిప్పి, గాడిద ఒక్కటే నిలబడి ఉంది.